ధాత కరువు, కాలువ కట్ట, ఒక రోజు నడక

విదేశాలలో నెలల తరబడి నడిచే దారులున్నాయి. అమెరికా తూర్పు కొండల వెంట సాగే అపలాచియన్ దారి 1937లో పూర్తయింది. దాని పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. ఆ దారిని ఆసాంతం నడిచేవారు కొద్దిమందే. మిగిలినవారు ఒక రోజుకు సరిపోయే ముక్కను ఎంచుకుని, ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు. "మన ప్రాంతంలో అటువంటిది లేదా డాక్టరు గారూ, పార్కులో గుండ్రంగా తిరిగి విసుగెత్తింది" అని అడిగే పాఠకులున్నారు.

ఉన్నది. దానికి గుర్తు బోర్డులు లేవు, పటాలు అమ్మే దుకాణాలు లేవు, దారి అన్న పేరు కూడా లేదు. నెల్లూరు తీరం పొడవునా, సముద్రానికి కొద్ది దూరంలో, దానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువ కట్ట అది. ఒకప్పుడు కాకినాడలో పడవ ఎక్కినవాడు గోదావరి, కృష్ణా డెల్టా కాలువల మీదుగా కొమ్మమూరు కాలువలోకి వచ్చి, పెదగంజాం దగ్గర ఈ కాలువలో ప్రవేశించి, మద్రాసు దాటి పుదుచ్చేరి సమీపం దాకా వెళ్ళగలిగేవాడు. మొత్తం సుమారు 800 కిలోమీటర్ల జలమార్గం. అందులో పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం వరకు ఉన్న ఉప్పునీటి కాలువ దాదాపు 420 కిలోమీటర్లు. జలమార్గం ఉన్నంత పొడవునా గట్టు ఉన్నది, గట్టు ఉన్నంత పొడవునా మనిషి నడిచాడు. ఎందుకు నడిచాడో ముందు ముందు చెబుతాను.

మీరు ఒక రోజు నడకకు వెళ్ళదలిస్తే బిట్రగుంటలో రైలు దిగడం అనువుగా ఉంటుంది. ఈ ఊరు రైళ్ళ వల్ల పెరిగిన ఊరు. పటం చూడండి: మద్రాసుకు, విజయవాడకు దాదాపు నడిమధ్యన ఉన్నది. ఆవిరి ఇంజను అంత దూరం ఒక్క బిగిన పోలేదు. దానికి నీరు కావాలి, బొగ్గు కావాలి, బూడిద దులపాలి, డ్రైవరుకు విశ్రాంతి కావాలి. అందుకే ఇక్కడ ఇంజన్ల షెడ్డు, పెద్ద యార్డు, విశాలమైన రైల్వే కాలనీ వెలిశాయి. ఆవిరి పోయి డీజిలు, ఆ తరువాత కరెంటు ఇంజన్లు వచ్చాక నడిమధ్యన ఆగవలసిన అవసరం తీరిపోయింది, కాలనీ బోసిపోయింది.

ఒక రవాణా సాధనం మరొకదానిని ఎలా మింగుతుందో చూడాలంటే బిట్రగుంట నుంచి తూర్పుగా పది కిలోమీటర్ల చొప్పున నడిస్తే చాలు. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలు మార్గం పూర్తి కాగానే కాలువ పడవల పతనం మొదలయింది. పడవ వారం రోజులలో చేర్చే సరుకును రైలు ఒక్క రాత్రిలో చేర్చింది. డెబ్బై ఏళ్ళు గడిచేసరికి ఆవిరి ఇంజనుకూ అదే గతి పట్టింది. అయితే రైలు దారి మీద నడక మాత్రం ఆగలేదు. తన వంతు పట్టాలను ప్రతి ఉదయం అటూ ఇటూ నడిచి, సడలిన కీలను సుత్తితో బిగించే కీమ్యాన్‌ను మీరు రైలు కిటికీలోంచి చూసే ఉంటారు. వ్యాయామం పేరెత్తకుండానే నాలో మీలో ఎవరికన్నా ఎక్కువ నడిచేవాడు ఆయన.

ఇక కాలువ సంగతి. దాని మూలపురుషుడు బేసిల్ కొక్రేన్ అనే స్కాట్లాండు వ్యాపారి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు పదకొండు మైళ్ళ కాలువను ఆయన పెట్టుబడితో తవ్వించారు. చాలాకాలం దానిని కొక్రేన్ కాలువ అనే పిలిచేవారు. ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పకుండా ఉండలేను. ఈ కొక్రేన్ మద్రాసులో బోలెడు డబ్బు గడించి లండను వెళ్ళాక, పోర్ట్‌మన్ స్క్వేరులోని తన భవనంలో ఆవిరి స్నానాల శాల పెట్టి, వైద్యానికి ఆవిరి ఎంత మేలో వివరిస్తూ పుస్తకం కూడా ప్రచురించాడు. ఆ శాలలో పనిచేసినవాడు బీహారు నుంచి వెళ్ళిన షేక్ దీన్ మొహమ్మద్. తరువాత బ్రైటన్‌లో స్నానశాల నడిపి, మన "చంపీ"ని "షాంపూ"గా ఇంగ్లీషువారికి అలవాటు చేసినవాడు ఆయనే. మన కాలువకూ మీ స్నానాల గదిలోని సీసాకూ ఇంత దూరపు చుట్టరికం ఉన్నదన్నమాట.

1837లో ప్రభుత్వం కాలువను స్వాధీనం చేసుకుని ఉత్తరానికి పొడిగిస్తూ పోయింది. పులికాటు సరస్సు, దుగరాజపట్నం, కృష్ణపట్నం, పెన్నా ముఖద్వారం, ఇటు మన జువ్వలదిన్నె తీరం, రామాయపట్నం దాటి పెదగంజాం వరకు, మద్రాసుకు ఉత్తరంగా 315 కిలోమీటర్లు సాగింది. కొత్తగా తవ్విన కాలువ కొంతే. తీరం వెంట సహజంగా ఉన్న వాగులను, ఉప్పుటేళ్ళను, కయ్యలను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోయారు. నదులు సముద్రంలో కలిసే చోట ఆటుపోట్లను తట్టుకోవడానికి లాకులు కట్టారు.

ఇందులో ఏమి పోయేది? మద్రాసుకు బియ్యం, వంటచెరకు, ఉప్పు, చేపలు, సున్నపు గుల్ల. ఈ తీరపు ఉప్పుకొఠారుల ఉప్పు కాలువ మీదనే నగరానికి చేరేది. గాలి అనుకూలిస్తే తెరచాప, లోతు తక్కువైన చోట గెడ. గాలి లేకపోతే మనిషి. పడవకు తాడు కట్టి, ఆ తాడు కొసను భుజాన వేసుకుని, నడుం వంచి, కట్ట మీద నడుస్తూ లాగేవారు. కట్ట ఇంత చదునుగా, ఇంత తిన్నగా ఉండడానికి కారణం అదే. ఎవరో విహారానికి వేసిన బాట కాదది, భుజాన తాడున్న మనిషి కాలికి తట్టు తగలకుండా వేసినది. నిండు పడవను నీటి మీద లాగడం నేల మీద బండి లాగడంకన్నా తేలికే, కాని రోజుకు పదీ పదిహేను మైళ్ళు లాగడం తేలిక కాదు. ఆ కూలీల భుజం ఎముక మీద కాయ కాసి ఉండేదని ఊహించడానికి వైద్యశాస్త్రం చదవనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి కారణం కాలువ పేరులోనే ఉన్నది.

1876లో వానలు ముఖం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. అందుకే మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. చెరువుల మీద ఆధారపడిన నెల్లూరు, కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు విలవిలలాడాయి. ధాన్యం ధర రెండింతలు మూడింతలయింది. రైళ్ళు ధాన్యాన్ని కరువు ప్రాంతాలకు తెచ్చిన మాట నిజమే. ధర ఎక్కువ పలికే చోటికి తరలించిన మాటా నిజమే. ఆ ఏళ్ళలోనే దేశం నుంచి గోధుమలు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో యాభై లక్షలకు పైగా ప్రజలు చనిపోయారని అంచనా. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి, నెల్లూరు జిల్లా జనాభా పెరగవలసిన పదేళ్ళలో తగ్గిపోయింది.

అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. ఆకలిగొన్నవారికి ఊరికే అన్నం పెట్టడం సోమరితనాన్ని పెంచుతుందని ఆనాటి పాలకుల సిద్ధాంతం. పని చేయించి కూలి ఇవ్వాలి. అందుకని రోడ్లు, చెరువు కట్టలు, కాలువలు తవ్వించారు. 1877-78లో మద్రాసు నగరంలో కూవం నదినీ అడయారు నదినీ కలిపే ఎనిమిది కిలోమీటర్ల కాలువను తవ్వినది కరువు కూలీలే. దానితో ఉత్తరపు కాలువ, దక్షిణపు కాలువ ఒకటయ్యాయి. ఆ తరువాతనే మొత్తానికి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవారి పేర్లు ఎక్కడా లేవు.

ఆ కూలీలకు ఎంత తిండి పెట్టాలి? ఈ ప్రశ్న మీద ఇద్దరు మనుషుల మధ్య జరిగిన వాదం మన దేశపు పోషకాహార చరిత్రలో మొదటి పెద్ద వాదమని నా అభిప్రాయం.

మొదటివాడు సర్ రిచర్డ్ టెంపుల్. 1873-74లో బీహారు కరువు వచ్చినప్పుడు ఈయనే అక్కడి బాధ్యత చూశాడు. బర్మా నుంచి బియ్యం దిగుమతి చేయించి ఉదారంగా పంచాడు. ఆకలి చావులు చాలా స్వల్పం. అందుకు ఆయనకు దక్కినది మెప్పు కాదు, దుబారా చేశాడన్న నింద. ఆ నింద ఆయనను మార్చివేసింది. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ఆయనను కరువు ప్రతినిధిగా మద్రాసుకు పంపినప్పుడు, పొదుపు చూపించాలన్న పట్టుదలతో వచ్చాడు. పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, దాని మీద ఒక అణా చాలునన్నాడు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. ఇదే తరువాత "టెంపుల్ కూలి" అని పేరుమోసింది.

రెండవవాడు డాక్టరు విలియం రాబర్ట్ కోర్నిష్. మద్రాసు రాష్ట్రపు ఆరోగ్య శాఖాధికారి, అప్పటి పదవి పేరు శానిటరీ కమిషనరు. సైనిక వైద్యుడిగా వచ్చి ఈ ప్రాంతంలో చాలాకాలం పనిచేసినవాడు. మద్రాసు రాష్ట్ర ప్రజలు ఏమి తింటారు, ఎంత తింటారు అన్న విషయంపై 1860లలోనే నివేదిక రాసినవాడు. జైళ్ళలో ఖైదీల తిండిని పరిశీలించినవాడు. 1871 జనాభా లెక్కల నివేదికను కూర్చినవాడూ ఆయనే. అంటే ఈ జనాన్ని అంకెలలోనూ తెలుసు, కంచాలలోనూ తెలుసు. పౌను ధాన్యంతో రోజంతా ఎండలో మన్ను మోసేవాడు బతకలేడని, కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, అంటే 680 గ్రాములు, దానితో పప్పు, కూరగాయలు ఉండాలని ఆయన వాదించాడు. జైలులోని ఖైదీకన్నా తక్కువ తిండితో, ఏ నేరమూ చేయని కూలీతో ఖైదీకన్నా ఎక్కువ పని చేయించడం ఎక్కడి న్యాయమన్నది ఆయన వాదసారం.

పాఠకులారా, ఈ లెక్కను మనమే ఇప్పుడు వేసి చూద్దాం. అప్పుడు కేలరీ అన్న మాట ఆహారానికి వాడుకలోకి రాలేదు. మనకు ఆ సదుపాయం ఉన్నది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు. నెల్లూరు మొలగొలుకులైనా, నాసిరకం రంగూను బియ్యమైనా ఈ అంకె పెద్దగా మారదు. రాగులు, జొన్నలు కూడా కొంచెం అటూ ఇటూగా అంతే. 450 గ్రాములకు 1,575 కేలరీలు. మిగిలిన అణాతో ఉప్పు, మిరపకాయలు, పుల్లలు కొనుక్కోవాలి; కరువు ధరలకు దానితో మరికొంత ధాన్యం వచ్చినా అది గుప్పెడే. మాంసకృత్తులు ముప్పై ముప్పై అయిదు గ్రాములకు మించవు. కోర్నిష్ అడిగిన 680 గ్రాములకు ధాన్యం ఒక్కటే 2,380 కేలరీలు, పప్పు దానికి అదనం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మీకు తెలిసే ఉంటుంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి పరిశోధనకు పెట్టిన చిన్న గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరింది. ఆ సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం, కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2,110 కేలరీలు, ఓ మోస్తరు శ్రమ చేసేవాడికి 2,710, కాయకష్టం చేసేవాడికి 3,470 అవసరం. ఆనాటి కూలీలు మనకన్నా సన్నగా, పొట్టిగా ఉండేవారు గనుక కొంత తగ్గించుకోండి. ఎంత తగ్గించినా 1,575 అన్నది కుర్చీలో కూర్చున్నవాడికి కూడా చాలని అంకె.

అంతటితో ఆగలేదు. నిజంగా ఆకలిగొన్నవాడెవడో తేల్చడానికి ఒక "దూర పరీక్ష" పెట్టారు. ఇంటి దగ్గర పని ఇవ్వరాదు, పది మైళ్ళు దాటిన శిబిరాలకు నడిచి వెళ్ళినవారికే పని అన్నారు. పది మైళ్ళంటే పదహారు కిలోమీటర్లు. ఇది మనం ఈ వ్యాసంలో మాట్లాడుకుంటున్న ఒక రోజు నడక. నలభై అయిదు, యాభై కిలోల మనిషి అంత దూరం నడిస్తే ఆరేడు వందల కేలరీలు ఖర్చవుతాయి. ఒంట్లో కొవ్వు ఉన్నవాడికి అది లాభం, అందుకే నేను మిమ్మల్ని నడవమంటున్నాను. కొవ్వు కరిగి కండరమే కరుగుతున్నవాడికి ఆ నడక ప్రాణం మీదికి తెస్తుంది. అదే దూరం, అవే అడుగులు. ఒకరికి మందు, ఒకరికి పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గినవాడు శిబిరం చేరేవాడు. ఓడినవాడు దారి పక్కన పడిపోయేవాడు.

ఇది ఊహాగానం కాదనడానికి శాస్త్రీయమైన ఆధారం ఒకటున్నది, అది కరువు తరువాత దాదాపు డెబ్బై ఏళ్ళకు దొరికింది. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం ప్రారంభించాడు. యుద్ధంలో ఆకలికి గురైన యూరపు ప్రజలను తిరిగి ఎలా కోలుకునేటట్లు చేయాలో తెలుసుకోవడం లక్ష్యం. వారంతా స్వచ్ఛందంగా వచ్చినవారే. కొన్ని వారాలు బాగా తినిపించి, ఆ తరువాత 24 వారాలు అర్ధాకలితో ఉంచారు. సగటున వారికి అందినది రోజుకు 1,570 కేలరీలు. వారానికి 22 మైళ్ళు నడవాలన్నది నియమం, అంటే రోజుకు సుమారు అయిదు కిలోమీటర్లు.

ఈ రెండు అంకెలను మరొకసారి చదవండి. టెంపుల్ గారి పౌను బియ్యంలో 1,575. మిన్నెసోటాలో 1,570.

ఆ యువకులకు ఏమయింది? ఆరు నెలలలో ఒంటి బరువులో పావు వంతు పోయింది. నాడి నెమ్మదించింది. ఎండాకాలంలోనూ చలి వేసింది. పాదాలు, చీలమండలు నీరు పట్టాయి. మెట్లు ఎక్కలేకపోయారు. నవ్వు, స్నేహం, చదువు మీద ఆసక్తి అన్నీ పోయి తిండి గురించిన ఆలోచన ఒక్కటే మిగిలింది. కొందరు వంటల పుస్తకాలు చదువుతూ కాలం గడిపారు. వారికి తలపై కప్పు ఉన్నది, శుభ్రమైన నీరున్నది, పక్కన వైద్యులున్నారు, ప్రయోగం ఫలానా రోజున ముగుస్తుందన్న నమ్మకం ఉన్నది. కరువు కూలీకి వీటిలో ఏ ఒక్కటీ లేదు. పైగా రోజుకు అయిదు కిలోమీటర్ల షికారు కాదు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా తట్టా పారా.

కోర్నిష్ వాదన కొంతవరకు ఫలించింది. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ధాన్యాన్ని 570 గ్రాములకు పెంచి, దానితో 43 గ్రాముల పప్పు చేర్చింది. ఆయన కోరినదానికీ టెంపుల్ ఇచ్చినదానికీ మధ్యన ఒక రాజీ. మన లెక్కలో చూస్తే సుమారు 2,140 కేలరీలు. ఆ గుప్పెడు పప్పు విలువను తక్కువగా చూడకండి. బియ్యంలో కొరతగా ఉండే ఒక రకం మాంసకృత్తును పప్పు పూడుస్తుంది. మన పప్పన్నంలో ఉన్న శాస్త్రం అదే. కాని అప్పటికే ఆలస్యమయింది. ఆ ఏడు వానలు కురిసి చలిజ్వరాలు, అంటే మలేరియా, వచ్చినప్పుడు, నెలల తరబడి చిక్కిన శరీరాలు తట్టుకోలేకపోయాయి. శిబిరాలలో కలరా సంగతి చెప్పనే అక్కరలేదు. కలరాకు కారణమైన క్రిమిని కోచ్ గుర్తించడానికి ఇంకా ఆరేళ్ళు పట్టింది.

ఇదంతా మనకు ఎలా తెలుసు అంటారా? మద్రాసులో పత్రికా సంపాదకుడిగా ఉన్న విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాలుగా ఆ కరువు చరిత్రను ప్రచురించాడు. హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోలున్నాయి. డొక్కలు ఎండిన తల్లీబిడ్డలను కెమెరా ముందు కూర్చోబెట్టి తీసినవి. వాటిని చూసి రాత్రి నిద్ర పట్టనివారుంటారు. చూడమని నేను ఎవరినీ బలవంతం చేయను. 1880లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన నివేదిక ఇచ్చిన కరువు కమిషన్, పనిచేసే వయోజనుడికి ఒకటిన్నర పౌను ధాన్యం, తగినంత పప్పు ఉండాలని రాసింది. కోర్నిష్ మొదట అడిగినదీ అదే. ఆ తరువాత వచ్చిన కరువు నిబంధనలకు అదే పునాది.

కాలువ తదుపరి కథ క్లుప్తంగా చెబుతాను. రైలు దెబ్బ తిన్నా 1960ల వరకు పడవలు తిరుగుతూనే ఉన్నాయి. 1965, 1966లలో వచ్చిన తుపానులు గట్లను, లాకులను దెబ్బతీశాయి. పూడిక తీసేవారు లేక రాకపోకలు సన్నగిల్లాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రపు నీటిని కొంత తనలోకి తీసుకుని ఊళ్ళ మీదికి పోకుండా కాలువ అడ్డుపడిందని తరువాత పరిశీలించినవారు అన్నారు. 2008లో దీనిని నాలుగవ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. ప్రకటన బాగానే ఉన్నది. పడవలు మాత్రం ఇంకా రావలసి ఉన్నది.

ఇక మీ నడక. బిట్రగుంట, అంటే బోగోలు మండలం, నుంచి తూర్పుగా జువ్వలదిన్నె వైపు ఆటోలో వెళ్ళి కాలువ దగ్గర దిగండి. అక్కడినుంచి దక్షిణంగా అల్లూరు మండలంలోని ఇస్కపల్లి వైపు గాని, ఉత్తరంగా కావలికి దగ్గరలోని తుమ్మలపెంట వైపు గాని వీలున్నంత దూరం నడవవచ్చు. ఒకవైపు సరుగుడు తోపులు, తాటిచెట్లు, ఇసుక దిబ్బలు. మరొకవైపు రొయ్యల చెరువులు, ఉప్పు మడులు. పట్టపువారి పల్లెలు, యానాదుల గుడిసెలు తగులుతాయి. కాలువలో మోకాటి లోతు నీటిలో చేతితో తడిమి చేప పట్టే యానాది మనిషి కనిపిస్తే ఒక క్షణం నిలబడి చూడండి, ఆ నేర్పు ఏ కళాశాలలోనూ నేర్పరు. కట్ట అంతటా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల సర్కారు తుమ్మ కమ్మేసింది, కొన్నిచోట్ల తెగిపోయింది, కొన్నిచోట్ల రొయ్యల చెరువులలో కలిసిపోయింది. తీరం వెంబడి రొయ్యల చెరువుల గురించి 1996లోనే సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. దాని అమలు ఎంతవరకో కట్ట మీద నడిస్తే మీకే తెలుస్తుంది.

కాలం ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. నెల్లూరుకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, తుపానులూ అప్పుడే. మార్చి దాటితే ఎండ. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు ఉత్తమం. తెల్లవారకముందే బయలుదేరండి, పదకొండుకల్లా నీడ చేరండి.

కాలువ నీరు ఉప్పునీరు, తాగడానికి పనికిరాదు. మనిషికి మూడు లీటర్ల మంచినీరు వెంట ఉండాలి. లీటరు చెమటలో రెండు మూడు గ్రాముల ఉప్పు పోతుంది. ఉప్పు కొఠారుల మధ్య నడుస్తూ ఉప్పు చాలక కళ్ళు తిరిగి పడిపోవడం ఎంత విచిత్రమో ఆలోచించండి, కాని అది జరుగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా, పెరుగు కలిపిన చద్దన్నం, ఒక ఉల్లిపాయ. ఇంతకు మించిన ఖరీదైన పొడులు, పానీయాలు అక్కరలేదు. రక్తపోటుకు నీరు వెళ్ళే మాత్రలు వాడేవారు, గుండె జబ్బువారు తమ వైద్యుణ్ణి అడిగి బయలుదేరండి. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ మోతాదు గురించి ముందుగా మాట్లాడుకోవాలి; జేబులో బెల్లం ముక్క గాని, పంచదార గాని ఉండాలి. పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులతో రాకూడదు. ఇసుకలో దాగిన సర్కారు తుమ్మ ముల్లు చెప్పును దూసుకుని పాదంలో దిగినా వారికి తెలియదు, ఇంటికి వెళ్ళి మేజోడు విప్పినప్పుడు రక్తం చూసి తెలుసుకుంటారు. నడక ఆగిన ప్రతిచోటా పాదాన్ని తిప్పి చూసుకోండి.

తలనొప్పి, వాంతి వచ్చినట్లు ఉండడం, చెమట పట్టిన ఒళ్ళు చల్లగా జిగటగా అనిపించడం ఎండ దెబ్బకు తొలి సూచనలు. నీడలో పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తుగా ఉంచి, ఉప్పు పంచదార కలిపిన నీరు కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా అది వేరే స్థితి, ఆలస్యం చేయకుండా ఒంటి మీద నీళ్ళు పోసి, విసురుతూ, 108కి ఫోను చేయండి. పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు. కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మొదటిసారి పది కిలోమీటర్లు పెట్టుకోండి, పదహారు కాదు. రొయ్యల చెరువుల మధ్య కట్ట తెగినచోట కాపలావారిని అడిగి, వారు చూపిన దారినే దాటండి. అడిగితే కాదనేవారు అరుదు, అడగకపోతే కుక్కలు ఊరుకోవు. సాయంత్రం అయిదు లోపల తారురోడ్డు చేరుకోండి, చీకటి పడితే తీరం నుంచి బిట్రగుంటకు ఆటో దొరకడం కష్టం.